పేషీ పడ్డది

సూదిని ట్రేలో వదిలేసింది నేనే. మా ఆసుపత్రిలో అందరికీ తెలిసిన సంగతే ఇది. రక్తం తీసిన వెంటనే సూదిని కట్టర్‌లో పెట్టి విరిచి డబ్బాలో వేయాలి. ఆ ఉదయం కట్టర్ పిడి బిగుసుకుపోయింది. బయట వరుసలో జనం ఉన్నారు. తరువాత చూద్దాంలే అనుకొని సూది మీద దూది కప్పేసి, ఇంకొకరిని లోపలికి పిలిచాను. తరువాత చూడలేదు. గది ఊడ్చి తుడిచే అక్క మధ్యాహ్నం వచ్చి, ఆ దూదినంతా గుప్పిటితో ఎత్తింది.

"ఇస్స్" అన్నది, అంతే. వేలు చూసుకొని, కొంగుకు తుడుచుకోబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది.

నా ముఖంలో ఆమెకు ఏం కనిపించిందో తెలియదు. ఆ సూదికి అంటిన రక్తంలో ఏముందో అప్పటికి ఆ గదిలో తెలిసింది నాకొక్కడికే. కాసేపటి క్రితమే పరీక్ష చేశాను. హెచ్‌ఐవీ ఉంది. ఆ రక్తం ఎవరిదో చెప్పకూడదు, ఇప్పుడూ చెప్పను.

ఆమె మహారాష్ట్ర సరిహద్దులోని మా సిరోంచ ఆసుపత్రిలో నాకంటే ముందు నుంచీ ఉంది. వయసులోనూ పెద్ద. నేను "అక్కా" అంటాను, ఆమె "తమ్మి" అంటుంది. నేను ల్యాబ్‌లో చేరిన మొదటి రోజు, ఏ కుళాయిలో నీళ్లు వస్తాయో ఏ కుళాయిలో గాలి మాత్రమే వస్తుందో చూపించింది ఆమే.

మా డాక్టరు నాగపూర్ వైపు నుంచి వచ్చిన యువకుడు. తెలుగు రాదు. చేయి సబ్బుతో కడిగించి, బల్ల ముందు కూర్చోబెట్టి, మరాఠీలో నిదానంగా చెప్పాడు. అక్కకు మరాఠీ కొంత వచ్చు గానీ భయంలో ఉన్న మనిషికి సొంత మాటే కావాలి. అందుకని మధ్యలో నేను నిలబడి ఒక్కో వాక్యాన్నీ తెలుగులో చెప్పాను. నెల రోజులు మాత్రలు వేసుకోవాలి. ఒక్క పూట కూడా తప్పకూడదు. వైరస్ లోపలికి పోయినా నిలదొక్కుకోకుండా ఈ మందు అడ్డుకుంటుంది.

"అంటే నాకు రోగం వచ్చినట్టా?"

"రాలే అక్కా."

"రాకుంటె మందెందుకు?"

"రాకుండ ఉండనీకి."

ఆమె మాత్రల డబ్బాను అటూ ఇటూ తిప్పింది. లోపల మాత్రలు గలగలమన్నాయి. "రానిదాని కోసం మందు మింగితే, అది లోపట పనిలేకుంట తిరుగుతది గద తమ్మి. ఎవ్వరు దొరకకుంటె నన్నే పట్టుకుంటది."

నర్సులు నవ్వారు. నేనూ నవ్వాను. డాక్టరు ఏమన్నదని అడిగితే, "సరే అంటోంది సార్" అని చెప్పాను. ఆమె అన్నది ఆయనకు చెప్పి ఉండాల్సింది. ఎందుకంటే ఆమె సరదాకు అన్నదానికి దగ్గరగా ఉన్న విషయాన్ని ఆయన అప్పటికే నాకు విడిగా చెప్పి ఉన్నాడు. ఆ రోజుల్లో ఇచ్చిన మందు కొందరిలో ఎముక మూలుగను కూడా నెమ్మదింపజేస్తుంది. తెల్ల కణాలు పుట్టేది అక్కడే. మందు ఎవరిని కాపాడాలని లోపలికి పోయిందో, వాళ్ల కాపలానే పలచన చేసే అవకాశం ఉంది. అందరికీ అలా కాదు, కొందరికే. అందుకే మధ్యలో రక్తం చూస్తూ ఉండాలి. ఇప్పుడు ఆ మందు మారింది. అప్పుడు ఉన్నది అదే.

మొదటి పరీక్షలో అంతా బాగుంది. నేను రక్తం తీయలేదు, నర్సుకు అప్పగించాను. చేతిలో వేరే పని ఉందన్నాను. నిజానికి ఆ రోజు నుంచీ నేను అక్క ఎదురుపడకుండా తిరుగుతున్నాను. ఆమె వరండా ఊడుస్తుంటే వెనక తలుపు నుంచి లోపలికి వచ్చేవాణ్ని. ఆమె టీ పోసుకునే సమయానికి నాకు ఎప్పుడూ ఏదో లెక్క మిగిలి ఉండేది. క్షమించమని అడగడం అయితే అడిగాను, ఆ మొదటి మధ్యాహ్నమే, అందరి ముందర, డాక్టరుకు అర్థమయ్యేలా మరాఠీలో. అది ఆమెకు చెప్పిన మాట కాదని ఆమెకు తెలుసు.

రెండోసారి రక్తం వచ్చినప్పుడు మిషను ఇచ్చిన అంకె చూసి, మిషను తప్పు అనుకున్నాను. మళ్లీ పెట్టాను. అదే వచ్చింది. అప్పుడు అద్దం ముక్క మీద ఒక చుక్క పరిచి, రంగు వేసి, ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద పెట్టాను.

ఈ పని చేసేవాళ్లకు ఆ గుండ్రటి వెలుగు ఇంటి ముంగిలి లాంటిది. లేత గులాబీ రంగులో ఎర్ర కణాలు పప్పుబద్దల్లా పరుచుకొని ఉంటాయి. స్లైడును కొంచెం జరిపితే చాలు, వాటి మధ్య ఎక్కడో ఒకచోట ఊదా రంగు మచ్చలున్న తెల్ల కణం ఎదురవుతుంది. ఇంకొంచెం జరిపితే ఇంకొకటి. చెయ్యి అలవాటుగా జరుపుతుంది, కన్ను అలవాటుగా చూస్తుంది. ఆ రోజు చెయ్యి జరుపుతూనే ఉంది, కంటికి ఏదీ తగలలేదు. ఎర్ర కణాలు ఎప్పటిలాగే ఉన్నాయి. వెలుగు ఎప్పటిలాగే ఉంది. సెలవని తెలియక బడికి వచ్చి, ఒక్కో గది తలుపూ తోసి చూస్తున్నట్టుంది. చాలాసేపటికి ఒక మూల చిన్న గుండ్రటి కణం ఒకటి కనిపించింది. క్రిములు రాగానే ముందు పరుగెత్తి వాటిని మింగే రకం మాత్రం దాదాపు లేదు.

రంగు చెడిపోయిందేమోనని నా వేలు గుచ్చుకొని నా రక్తం పరిచి చూశాను. అందులో కణాలు నిండుగా ఉన్నాయి. ఎక్కడికీ పోవలసిన పని లేనివాళ్లలా, ముద్దగా, ఆరోగ్యంగా. రెండు స్లైడులూ పక్కపక్కన పెట్టుకొని కూర్చున్నాను. కిటికీలోంచి వరండా కనిపిస్తోంది. అక్క అక్కడ కొంగు నడుముకు చుట్టి, వంగి బకెట్లో గుడ్డ పిండుతోంది. ఎవరితోనో వేళాకోళమాడుతోంది. ఆమె లోపల ఎవరూ లేరన్న సంగతి నా ఎదుట బల్ల మీద ఉంది. ఆమెకు తెలియదు. ఆమె ఒంటికీ తెలియదు. మనిషి ఎప్పటిలాగే ఉండి, కాపలా మాత్రం లేచిపోవడం అంతకుముందు నేను రోగుల రక్తంలో చూశాను. రోగం లేని మనిషిలో చూడటం అదే మొదలు.

డాక్టరు స్లైడును తనే రెండుసార్లు జరిపి చూశాడు. ఆ మందు ఆపి వేరే మందు మొదలుపెట్టాలన్నాడు. కణాలు తిరిగి వచ్చేదాకా మామూలు జ్వరం కూడా ప్రమాదమే అన్నాడు. "ఇంకో సంగతి, వాపు రాదు, చీము పట్టదు. అవి చేసేది ఆ కణాలే కదా. బయటికి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది" అన్నాడు. వెంటనే పిలిపించమని నాకు చెప్పి వార్డులోకి వెళ్లిపోయాడు.

నేను వరండాలోకి చూశాను. బకెట్ ఉంది, అక్క లేదు. పని ముగించుకొని వెళ్లిపోయింది. ఆమె ఇల్లు ప్రాణహిత వైపు, నడిచి పోదగినంత దూరమే. నేను నడవలేదు. ఎదురుగా నిలబడి, నా వల్ల నీకు ఇలా అయింది అని చెప్పే ధైర్యం లేక ఆమె భర్తకు ఫోన్ చేశాను.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. నేను చదివింది మరాఠీ బడిలో. మరాఠీలో కణాన్ని పేశీ అంటారు. తెల్ల కణాలు పాంఢర్యా పేశీ. ల్యాబ్‌లో మా నోట నిత్యం ఆడే మాట అది. తెలుగులో మాట్లాడేటప్పుడు కూడా, పేషీలు తగ్గినయ్, పేషీలు పెరిగినయ్ అనేవాణ్ని. మా ఆసుపత్రి గోడల మధ్య దానికి ఇంకో అర్థం ఉన్నట్టే మరచిపోయాను. గోడ దాటితే, గోదావరికి ఇటైనా అటైనా, పేషీ అంటే కోర్టు వాయిదా. అక్క భర్తకు అతని దాయాదులతో గట్టు తగాదా ఉంది. ఆ ఇంట్లో ఆ మాటకు ఒక్కటే అర్థం.

ఫోన్‌లో ట్రాక్టర్ మోత. అతను మడిలో ఉన్నాడు.

"బావా, అక్కది పేషీ పడిపోయింది" అని అరిచాను.

"ఏంది? పేషీ పడ్డదా? ఎవరికి, నాకా?"

"నీకు కాదే, అక్కకు. బాగ పడిపోయింది. జల్ది రమ్మను."

"దానికెందుకు పడ్డది? అదేం జేసిందని?"

"సూది సంగతే. రేపు పొద్దుగాల్నే రావాలె. ఆలస్యం జేస్తె మస్తు కష్టమైతది."

"అయ్యో" అన్నాడతను. తరువాత మోత ఒక్కటే వినిపించింది. లైను తెగిపోయింది. చెప్పాల్సింది చెప్పేశాననుకొని, నిజం చెప్పాలంటే, ఊపిరి పీల్చుకున్నాను.

పేషీ పడ్డది అంటే మా వైపు కోర్టుకు రమ్మని తేదీ పడిందని. ఇంత సాదా మాట నా చెవికి తట్టలేదు.

మరునాడు ఆమె రాలేదు. ఆ మరునాడూ రాలేదు. ఫోన్ కలవలేదు. నా మీద కోపమేమో అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సులువు, ఎందుకంటే కోపమైతే నేను వెళ్లనక్కరలేదు. డాక్టరు అడిగితే కబురు చేశానన్నాను. చివరికి ఆయన విసుక్కొని, "నువ్వే వెళ్లి తీసుకురా, ఇది కబుర్లతో అయ్యే పని కాదు" అన్నప్పుడు గానీ బండి తీయలేదు.

ఇంటికి తాళం. పక్కింటావిడ గుమ్మంలో కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి చేతులు ఆపింది.

"ఇంటిదాక వచ్చిన్రా? ఇంకేం కావాలె మీకు?"

"అక్క ఏడికి పోయిందమ్మా?"

"ఏమో నాకేం ఎరుక. ఇరువై ఏండ్లు మీ దవాఖాన్ల మురికినీళ్లు ఎత్తిపోసింది. దానిమీదనే కేసు వెట్టిన్రా? ఒక్క సూది కోసం?"

"కేసా? ఎవరు పెట్టిన్రు?"

"ఓ, ఏం తెల్వనట్టు! పేషీ పడ్డదని ఫోన్ జేసింది ఎవలు మరి? నువ్వు గాదా? దాని మొగడు వకీలును అడుగుతనని అహేరి పోయిండు. కోర్టుల దీని పేరే లేదంటున్రట. పేరు లేదంటె ఇంక పెద్ద కేసే అయ్యుంటదని ఇది ఇంకా భయపడ్డది."

ఆ మాట అప్పుడు చెవిలో పడింది. నేను పలికినట్టు కాక, వాళ్లు విన్నట్టు.

"అమ్మా, అది కోర్టు పేషీ కాదు. నెత్తురుల ఉంటయి, గవి. ఆమెకు గవి తక్కువైనయి. పానం మీదికొస్తది. ఏడ ఉన్నదో చెప్పు."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. నమ్మలేదు. కానీ పానం అన్న మాటకు కాసేపు ఊగిసలాడి, "తల్లిగారింటికి పోయింది. జిమల్‌గట్ట దాటినంక. నేను చెప్పిన్నని చెప్పకు" అన్నది. "మందు బిళ్లలు మాత్రం మరువలే. నెల దాక తప్పొద్దని మీ డాక్టర్ చెప్పిండట గద. అవి కొంగుల కట్టుకొని పోయింది."

అదీ నాకు అన్నిటికంటే ఎక్కువ భయం వేసిన మాట. ఆమె మా నుంచి పారిపోతూ కూడా మేము చెప్పినట్టే నడుచుకుంటోంది. పూట పూటకూ ఆ మందు మింగుతోంది.

కొత్త మందు పొట్లం, మాస్కులు, రక్తం తీసే సామాను సంచిలో వేసుకొని బయలుదేరాను. వానలు వెనకబట్టే రోజులు. రోడ్డు ఎక్కడికక్కడ కోసుకుపోయి ఉంది. అడవి మొదలయ్యాక ఎదురుగా వచ్చే బండ్లు తగ్గాయి, తరువాత ఆగిపోయాయి. పట్టపగలే చెట్ల కింద పల్చటి పొగ లాంటి తేమ నిలబడి ఉంది. టేకు ఆకుల మీద ఎప్పుడో ఆగిన వాన ఇంకా కురుస్తున్నట్టు చప్పుడు. ఒకచోట వాగు రోడ్డు మీదికి వచ్చింది. బండి ఆపి లోతు చూస్తూ నిలబడ్డాను. నీళ్లు చప్పుడు లేకుండా పోతున్నాయి. ఏదో ఉండాల్సింది లేదనిపించింది, అదేమిటో తెలియలేదు. ఆ ఉదయం నుంచీ ఏది చూసినా ఆ స్లైడు లాగే కనిపిస్తోంది. అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. కదలాల్సినవి మాత్రం కదలడం లేదు.

జిమల్‌గట్టలో టీ దుకాణం వాడు దారి చెప్పాడు గానీ, నా సంచి వైపు, ఇస్త్రీ చొక్కా వైపు చూసి, "ఏ ఆఫీసు సార్?" అని అడిగాడు. దవాఖాన అన్నాను. తల ఊపాడు. అతను నాకంటే ముందే ఆ ఊరికి ఎలా కబురు పంపాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఊరు చేరేసరికి అరుగుల మీద జనం కూర్చొని ఉన్నారు. ఎవరూ లేచి లోపలికి పోలేదు. ఎవరూ తలుపు వేయలేదు. అందరూ నా వైపు మంచిగానే చూశారు. అక్క పేరు చెప్పి అడిగాను.

"ఆ పేరుతోని ఇక్కడ ఎవ్వరు లేరు సారు" అన్నాడొక ముసలాయన.

"ఆమె తల్లిగారి ఊరు ఇదే."

"కాదు సారు. ఆ పేరుతోని ఈ ఊర్ల ఎవ్వరు పుట్టలే."

పక్కనున్న ఆవిడ గోండిలో ఏదో అన్నది. ఇంకొకామె తల ఊపింది. రెండో అరుగు దగ్గర అడిగితే అవే మాటలు, అదే గొంతు. నీళ్లిచ్చారు. కూర్చోమన్నారు. ఎండ ఉండగానే వెనక్కి పొమ్మన్నారు, దారి మంచిది కాదన్నారు. నాకు కోపం రాలేదు. ఒకరు చెప్పింది ఒకరు దాటకుండా ఊరు ఊరంతా ఆమె చుట్టూ నిలబడి ఉంది. ఆమె ఒంట్లో లేని కాపలా బయట ఉంది. అది నన్ను ఆపడానికే నిలబడింది. నేనే లోపలికి రాకూడని వాణ్ని.

అటువైపు తిరిగి చూస్తే ఒక ఇంటి తడిక మీద మా ఆసుపత్రి ఆకుపచ్చ చీర ఆరేసి ఉంది.

ఆ తడిక దగ్గరికి పోయి నిలబడ్డాను. లోపల నుంచి దగ్గు వినిపించింది. ముసలి దగ్గు, ఆగి ఆగి, గొంతులో తెమడతో.

"అక్కా" అని పిలిచాను. "నేనే. కోర్టు లేదు, కేసు లేదు. ఏ కేసు లేదు. నేనే తప్పు మాట జెప్పిన."

మళ్లీ దగ్గు.

"లోపట దగ్గుతున్నదెవరు? అమ్మనా? జర దూరముండు అక్కా. నీకు దండం బెడత, ఆమెకాడ కూసోకు."

అక్క గొంతు వచ్చింది, చాలా దగ్గర నుంచి. తడిక అవతలే నిలబడి ఉంది. సందుల్లోంచి నన్ను మొదటి నుంచీ చూస్తూనే ఉంది.

"మా అమ్మకు జరమొస్తే నేను దూరముండాల్నా సారూ? ఇది గూడ కోర్టే చెప్పిందా?"

సారూ అన్నది. ఇన్నేళ్లలో మొదటిసారి.

నేను అక్కడే తడి నేల మీద కూర్చున్నాను. మరాఠీ మాట ఏమిటో, తెలుగు మాట ఏమిటో, ఫోన్‌లో నేనేమన్నానో, వాళ్లాయన ఏం విన్నాడో చెప్పాను. కణం అంటే ఆమెకు తెలియదు. నెత్తుట్లో కావలోళ్లుంటారు అక్కా అన్నాను. ఆ బిళ్లలు వాళ్లను పుట్టనిస్త లేవు. నిన్ను కాపాడనీకి ఇచ్చిన మందే ఆ పని జేసింది. వెంటనే బంద్ చెయ్యాలె, వేరేది మింగాలె.

తరువాత ఆమె నవ్వింది. నమ్మలేక పొడిగా నవ్విన నవ్వు.

"అబద్ధం గూడ మంచిగ చెప్పస్తలేదు నీకు. నాకేమైంది? రాయోలె ఉన్న. మా అమ్మ దగ్గుతుంది గాని నేను తుమ్మలే." తడిక కొంచెం తెరుచుకుంది. ఒక పాదం బయటికి వచ్చింది. "గిది జూడు. వచ్చిన రోజే ముల్లు దిగింది. ఇంత లోతు. వేరేటోళ్లకైతే ఈపాటికి బుస్సున పొంగి చీము గారు. నాకు ఏమన్న అయిందా? ఎర్రగ గూడ కాలే. మందు మంచిగ పనిజేస్తున్నది."

మడమ పక్కన గాయం. నోరు తెరిచి ఉంది. చుట్టూ చర్మం మామూలు రంగులోనే ఉంది. వాపు లేదు, వేడి లేదు, చీము లేదు. మట్టిలో నడిచిన కాలికి అంత శుభ్రమైన గాయం నేనెప్పుడూ చూడలేదు. ముల్లు దిగింది. ఆ సంగతి చూడటానికి లోపల నుంచి ఎవరూ రాలేదు.

నాకు ఏడుపు వచ్చింది. ఆమె ముందు దాచుకోవడానికి వీలులేకపోయింది. ఆమె పాదం వెనక్కి తీసుకుంది. నా ముఖం వైపు చూసింది, సూది గుచ్చుకున్న మధ్యాహ్నం చూసినట్టే. ఆ రోజు నేను చూపు తిప్పుకున్నాను. ఇప్పుడు తిప్పుకోలేదు.

"నిజమేనా?" అన్నది, మెల్లగా.

"నిజమే."

"గంత నిజమైతే, ఇంటికొచ్చి చెప్పనీకి నీకేమైంది? పది అడుగులేసినా మా ఇల్లొస్తది."

"నీ మొకం జూడలేక రాలే అక్కా."

"నా మొకంల ఏమున్నది? నీ మొకమే నువ్వు జూస్కోలేకపోయినవ్." కొంగు ముడి విప్పి, మిగిలిన మాత్రలు నా చేతిలో పోసింది. "నీకు సిగ్గు, నాకు చావా? మంచిగనే ఉన్నది."

ఆ మాటను మెత్తబరిచే సాకులు ఎన్నో ఆలోచించాను. కట్టర్ పాడైంది, జనం ఎక్కువున్నారు, లైను తెగింది. అన్నీ నిజాలే. ఆమె కాలిలో దిగిన ముల్లుకు వాటితో పని లేదు. సూది వదిలేయడం అజాగ్రత్త. కానీ నడిచి పోగల దూరానికి ఫోన్ చేయడం అజాగ్రత్త కాదు. నేను కావాలని ఎంచుకున్నది. నా తప్పును ఆమె కళ్లలో చూసే కష్టం నాకు ఎక్కువై, ఆమె ప్రాణాన్ని తెగిపోయే ఫోను లైనుకు అప్పగించాను.

తల్లికి జ్వరం మందు ఇచ్చి, ఆమెను కూడా మరునాడు జీపులో తెచ్చే ఏర్పాటు ఊరివాళ్లతో మాట్లాడాను. అక్క మాస్కు కట్టుకొని, కాలికి గుడ్డ చుట్టుకొని నా బండి వెనక ఎక్కింది. అరుగుల మీద వాళ్లు మేము పోయేదాకా చూశారు. ఆ పేరుతో ఎవరూ పుట్టలేదన్న ముసలాయన ఆమెను పేరు పెట్టి పిలిచి, గోండిలో ఏదో హెచ్చరించాడు. ఏమన్నాడని అడిగితే ఆమె చెప్పలేదు. వాగు దగ్గర నా భుజం పట్టుకొని, "జర నిమ్మలంగ" అన్నది. ఆమె చేయి చల్లగా ఉంది. జ్వరం లేదని సంతోషించాలా, జ్వరం తెచ్చుకునే శక్తి కూడా లేదని భయపడాలా తెలియలేదు.

ఆసుపత్రిలో ఆమెను విడి గదిలో ఉంచారు. మందు మార్చారు. ఆ తరువాత రోజూ రక్తం నేనే తీశాను. నర్సుకు అప్పగించలేదు. ఆమె చేయి చాపేది, గోడ వైపు చూసేది. నేను సూదిని ఆమె ఎదుటే విరిచేవాణ్ని. కట్టర్ కటుక్కుమనేది. మా మధ్య ఆ చప్పుడే మాట. స్లైడు కింద మాత్రం మొదట్లో ఏ మార్పూ లేదు. ఆ ఖాళీలో తిరిగి తిరిగి కళ్లు మూసినా అదే గులాబీ రంగు మైదానం కనిపించేది. ఒకసారి ఆ మాత్రలు నేనూ మింగితే అన్న ఆలోచన వచ్చింది. అది ఆమెకు ఎందుకూ పనికిరాదని, నా మనసుకు చేసుకునే ఉపచారమే అవుతుందని గ్రహించి, సంచిలో ఉన్నవాటిని డాక్టరుకు ఇచ్చేశాను.

ఆపైన ఒక పొద్దున స్లైడు జరుపుతుంటే ఏదో కంటికి తగిలింది. తెల్ల కణమే, కానీ ఇంకా పక్వం కానిది. లోపలి ఊదా మచ్చ ముక్కలుగా విడిపోకుండా వంగిన కడ్డీలా ఉంది. మూలుగ తొందరపడి సగం తయారైనవాటినే బయటికి తోస్తున్నప్పుడు అలాంటివి కనిపిస్తాయి. జరిపాను. ఇంకొకటి. ఇంకాస్త జరిపాను. తొలి చూపుకు భయం వేసింది, ఆ నిర్మానుష్యంలోకి ఎవరో తెలియనివాళ్లు నడిచి వస్తున్నట్టు. డాక్టరును పిలిచాను. ఆయన చూసి నా వీపు తట్టాడు.

ఆ వైరస్ ఆమెలోకి రాలేదని నెలల తరువాత చేసిన చివరి పరీక్షలో తేలింది. కానీ నాకు ఆ కబురు కంటే గట్టిగా గుర్తున్నది ఈ కణాలు కనిపించిన రెండు మూడు రోజులకు జరిగినది.

గది బయటికే ఆమె అరుపు వినిపించింది. పరుగెత్తాను. మంచం మీద కూర్చొని కాలు పట్టుకొని ఉంది.

"ఏం మందులిచ్చిన్రో ఏమో! అడవిల మంచిగున్న కాలు, మీ దవాఖాన్ల కొచ్చినంక ఇట్లయింది. సలుపుతుంది, రాత్రి నిద్ర లేదు. ముట్టకు!"

గుడ్డ విప్పాను. మడమ చుట్టూ ఎర్రగా కమిలింది. ఉబ్బింది. చెయ్యి దగ్గరికి పోతేనే వేడి తగులుతోంది. గాయం అంచున పసుపుపచ్చగా, చిక్కగా, ఒక చుక్క చీము. లోపల ఇంకా మిగిలి ఉన్న ముల్లు ముక్క చుట్టూ కావలోళ్లు చేరారు.

నేను ఆ పాదం ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. డాక్టరును పిలవాలి, ముల్లు తీయించాలి, గాయం కడగాలి. అన్నీ తెలుసు. అయినా లేవలేకపోయాను. ఆ చీము చుక్క వైపే చూస్తున్నాను.

"నాకు పానం పోతుంటే నవ్వుతున్నవేంది?" అని ఆమె మంచి కాలితో నా భుజం మీద తన్నింది. గట్టిగానే తన్నింది.

"నవ్వుతలేను అక్కా" అన్నాను, డాక్టరు కోసం లేస్తూ.